సారును అడుగుర్రి: బిట్ పేపర్ల తప్పు జవాబే అసలు ముచ్చట చెప్తది

పోయిన నెల ఈ పేజీల స్లిప్ టెస్టుల గురించి రెండు మాటలు రాస్తే, దాని మీద వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు చూసి ఆశ్చర్యమైంది, దాదాపు అందరూ ఒక్క దాన్నే పట్టుకున్నరు, బిట్లు. నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఒకటి దిద్దమంటే పిల్లగానికి చదువు వచ్చిందో రాలేదో నిజంగ తెలుస్తదా అని. నేను నల్గొండ దిక్కు జిల్లా పరిషత్ బళ్ళల్ల లెక్కలు, ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైన మనిషిని, బిట్లు తయారు చేసిన, దిద్దిన, వాటిని నమ్మి మోసపోయిన కూడా. అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇస్తున్న.

ప్రశ్న: నమస్తే సార్, హైస్కూల్ల ఫిజికల్ సైన్సు చెప్తున్న. ప్రతి శనివారం 20 బిట్లతోని టెస్టు పెడ్తం, బిట్ బ్యాంకుల నుంచి తీసి ఇస్తున్న. పిల్లలకు 15, 16 వస్తున్నయి, అదే పాఠంల సోమవారం బోర్డు దగ్గర చిన్న ప్రశ్న అడిగితే ఒకరి మొఖం ఒకరు చూస్తరు. తప్పు ఎక్కడుంది సార్? బిట్లు నేనే తయారు చేసుకోవాల్నంటే ఎట్ల మొదలుపెట్టాలె?
– ఒక టీచర్, దేవరకొండ

జవాబు: మేడమ్, నేను ఉద్యోగంల చేరిన మూడో ఏడు నాకు అచ్చం ఇదే అయింది. తొమ్మిదో తరగతిల ఒక పిల్లగాడు, పాఠం జరుగుతుంటే కిటికీ దిక్కు చూసేటోడు, 20 బిట్లకు 18 తెచ్చుకున్నడు. కాపీ కొట్టిండనుకొని ముందటి బెంచీ మీద ఒక్కన్నే కూసోబెట్టి ఇంకో పేపర్ ఇచ్చిన, మల్ల 17. కోపం చెయ్యకుంట నెమ్మదిగ అడిగితే చెప్పిండు, "సార్, మీరు రైటు ఆన్సరు పొడుగ్గ రాస్తరు, మిగిలినయి పొట్టిగుంటయి" అని. ఇంటికి పోయి పేపర్లు తీసి చూస్తే వాడు చెప్పింది నిజమే. సరైన జవాబుల పొరపాటు రావొద్దని అన్ని జాగ్రత్తలు పడి నిండుగ రాస్తం, తప్పు ఆప్షన్ల కాడికి వచ్చేసరికి చేతికేది వస్తే అది రాసేస్తం. వాడు పాఠం చదవలే, నన్ను చదివిండు. బిట్ బ్యాంకు పుస్తకాలల్ల కూడా ఇదే రోగం ఉంటది, ఒకసారి ఆ కళ్ళతోని చూడుర్రి. "పైవన్నీ" అని ఉంటే చాలాసార్లు అదే కీ అయితది. "ఎల్లప్పుడూ", "ఎన్నడూ" అని గట్టిగ చెప్పే ఆప్షన్ చాలాసార్లు తప్పే అయి ఉంటది. కీ కూడా బి, సి మీదనే ఎక్కువ పడ్తది, అట్టాలి, బార్ హిల్లెల్ అని ఇద్దరు పరిశోధకులు 2003ల దీని మీద రాసిండ్రు, ప్రశ్న తయారు చేసేటోళ్ళు జవాబును నడిమిట్ల దాస్తరు, తెల్వక గెస్ కొట్టేటోళ్ళు కూడా నడిమిట్లనే వెతుకుతరు అని. మందు సులువే, జవాబులు అంకెలైతే చిన్న నుంచి పెద్దకు, మాటలైతే అఆఇఈ వరుసల పెట్టెయ్యుర్రి, కీ ఎక్కడ పడ్తే అక్కడ పడనియ్యుర్రి.

ఇది పై పని మేడమ్, అసలు పని తప్పు ఆప్షన్లల్ల ఉంది. రైటు జవాబు దిద్దిన పిల్లగాని గురించి నాకు కొంచెమే తెలుస్తది, వానికి వచ్చి దిద్దిండో, గెస్ కొట్టిండో, పక్కోన్ని చూసిండో తెల్వదు. తప్పు దిద్దిన పిల్లగాడు మాత్రం, ఆ తప్పును నేను సోంచాయించి పెట్టి ఉంటే, వాని తలకాయల ఏం నడుస్తున్నదో తెరిచి చూపెడ్తడు. ఒక లెక్క చెప్త చూడుర్రి. ఏడో తరగతికి ఇట్ల అడుగుతం, 0.4, 0.35 ల ఏది పెద్దది? కొందరు పిల్లలు 0.35 అంటరు, ఎందుకురా అంటే "35 పెద్దది గద సార్" అంటరు, వాళ్ళు పాయింటు వెనకున్న దాన్ని మామూలు అంకె లెక్క చదువుతున్నరు. మిగిలినోళ్ళంత 0.4 అన్నరు, రైటు, మనం టిక్కు పెట్టి ముందుకు పోతం. కని అండ్ల ఇంకో గుంపు దాగి ఉంటది. పాయింటు తర్వాత అంకెలు ఎన్ని తక్కువుంటే సంఖ్య అంత పెద్దది అనుకునేటోళ్ళు, పదో వంతు కన్న నూరో వంతు చిన్నది అని చెప్పింటం గద, ఆ మాటను సగమే పట్టుకున్నోళ్ళు. వాళ్ళకు కూడా మొదటి బిట్టుల రైటే వచ్చింది! ఇప్పుడు దాని పక్కనే ఇంకోటి పెట్టుర్రి, 0.3, 0.47 ల ఏది పెద్దది? మొదటి గుంపు 47 పెద్దదని 0.47 దిద్ది ఈసారి రైటు కొడ్తరు, రెండో గుంపు 0.3 దిద్ది దొరికిపోతరు. రెండూ రైటు పెట్టినోళ్ళనే వచ్చినోళ్ళ లెక్కల వేసుకోవాలె. ఒక్క బిట్టు చెప్పలేనిది జంట బిట్లు చెప్తయి, పేపర్ల రెండింటినీ జర దూరం దూరం పెడ్తే ఇంకా మంచిది.

మీ సైన్సుకు వద్దాం. మన జిల్లా పిల్లలకు ఫ్లోరైడ్ అంటే కొత్తగ చెప్పే పని లేదు, నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎక్కువై ఊర్లె నడుము వంగిన తాతలను చూసే ఉంటరు. బిట్ బ్యాంకుల ఏముంటది, "నల్గొండ టెక్నిక్‌ను రూపొందించిన సంస్థ ఏది", అంటే నీళ్ళల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఎవరిది అని, జవాబు నాగపూర్ల ఉన్న నీరి అనే పరిశోధన సంస్థ. మంచిదే, తెలిసుండాల్సిందే, కని అది తెల్వంగనే పిల్లకు నీళ్ళ సంగతి తెలిసినట్టు కాదు. నేనైతే ఇట్ల అడుగుత: ఒక ఊరి బోరు నీళ్ళల్ల లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది, ఆ నీళ్ళను బాగ మరగబెట్టి చల్లార్చి తాగితే ఏమైతది? ఎ) ఫ్లోరైడ్ ఆవిరై పోతది. బి) వేడికి ఫ్లోరైడ్ చచ్చిపోతది, నీళ్ళు మంచిగైతయి. సి) ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరిన కొద్దీ లీటరుకు లెక్క ఇంకొంచెం పెరుగుతది. బి దిద్దిన పిల్లలు ఫ్లోరైడ్‌ను పురుగు అనుకుంటున్నరు, నీళ్ళు కాచి తాగుర్రి అని మనమే చెప్పినం గద, ఆ మాటను ఇక్కడికి తెచ్చి పెట్టిండ్రు. ఎ దిద్దినోళ్ళకు ఆవిరయ్యేది నీళ్ళా, నీళ్ళల్ల కరిగిన లవణమా అన్న తేడా ఇంకా రాలే. ఎవరికి ఏం చెప్పాల్నో మీకు శనివారం సాయంత్రమే తెలిసిపోతది, సోమవారం పాఠం దాని మీద కట్టుకోవచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు, పటిక, సున్నం కలిపి తేర్చాలె అన్న ముచ్చట్లు దాని వెనక చెప్తే పిల్లలకు అంటుకుంటయి.

పైన మూడే ఆప్షన్లు పెట్టిన చూసిండ్రా, కావాలనే పెట్టిన. నాలుగోది దొరకక ఏదో ఒకటి నింపుతం, దాన్ని ఎవ్వరూ దిద్దరు, అది చచ్చిన ఆప్షను. రోడ్రిగెజ్ అనే ఆయన ఎనభై ఏండ్ల పరిశోధనలన్నీ ఒక్క దగ్గర పెట్టి చూసి 2005ల చెప్పింది కూడా ఇదే, చాలా వాటికి మూడు ఆప్షన్లు సరిపోతయి అని. వీక్లీ టెస్టుకు మూడు పెట్టుకోండి, మిగిలిన టైముల ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడగొచ్చు.

తప్పు ఆప్షన్లు ఎక్కడ దొరుకుతయి అంటే పిల్లల నోట్సులల్లనే. ఆప్షన్లు లేకుంట ముందు ప్రశ్న ఒక్కటే ఇచ్చి కాగితం మీద రాయించుర్రి, వచ్చిన తప్పులల్ల ఎక్కువమంది చేసినయి ఏరుకోండి, అవే మీ తప్పు ఆప్షన్లు. అమెరికాల హెస్టెనెస్, ఇంకో ఇద్దరు కలిసి 1992ల బలం, చలనం మీద 29 బిట్ల పరీక్ష ఒకటి తయారు చేసిండ్రు, అండ్ల తప్పు ఆప్షన్లన్నీ ఇట్ల పిల్లల ఆలోచనల నుంచి తీసినయే, సూత్రాలన్నీ గడగడ చెప్పే కాలేజీ పిల్లలు కూడా దాని ముందట తడబడ్డరు. పైకి విసిరిన గోళీ ఇంకా పైకే పోతున్నప్పుడు దాని మీద బలం ఏ దిక్కు పనిచేస్తున్నది అని మీ తొమ్మిదో తరగతిల ఒకసారి అడగండి, గాలి సంగతి పక్కకు పెట్టి. "పైకి" అనేటోళ్ళే ఎక్కువుంటరు.

టెస్టు అయినాంక ఒక పది నిమిషాల పని ఉంది, అది మాత్రం విడువకుర్రి. 40 మంది పేపర్లను మార్కుల వరుసల పేర్చండి, పైన 11, కింద 11 తీయుర్రి, అంటే సుమారు 27 శాతం, ఆ లెక్క పాతది, ఇప్పటికీ నడుస్తున్నది. ఒక్కో ప్రశ్నకు పై పదకొండుల ఎంతమంది రైటు, కింది పదకొండుల ఎంతమంది రైటు రాసుకోండి. పైన 9, కింద 3 వచ్చిందనుకోండి, మంచి ప్రశ్న, వచ్చినోళ్ళను రానోళ్ళను వేరు చేస్తున్నది. పైన 4, కింద 7 వస్తే అక్కడ ఆగాలె, బాగ చదివే పిల్లలే తప్పు చేస్తున్నరంటే కీ తప్పన్న అయి ఉంటది, ప్రశ్నల రెండర్థాలన్న ఉంటయి. నేను కీ తప్పు వేసి ఒక క్లాసు మొత్తానికి మార్కు కోసిన, మంచిగ చదివే ఒక ఆడపిల్ల రెండు రోజులు నాతోని మాట్లాడలే, ఈ లెక్క అప్పుడు తెలిసుంటే అదే రోజు పట్టుకునేటోన్ని.

ప్రశ్న: అప్పట్ల బిట్ల జవాబులు గుండ్రాలు దిద్దే ఓఎంఆర్ షీట్లకు పెన్సిలే వాడాలె అనేటోళ్ళట, ఇప్పుడు బ్లూ, బ్లాక్ బాల్ పెన్ను అంటున్నరు, ఎందుకు మారింది?
– ఒక పాఠకుడు, షాద్‌నగర్

జవాబు: మిషను మారింది. 1938ల ఐబీఎం వాళ్ళు అమ్మిన 805 నంబరు మిషను జవాబు గుర్తును కరెంటుతోని పట్టేది, పెన్సిలు ముల్లుల గ్రాఫైటు ఉంటది, అండ్లకెళ్ళి కరెంటు పోతది, ఆ గుర్తు ఉన్న చోటును మిషను అట్ల లెక్కపెట్టేది. దాన్ని కనిపెట్టిన రెనాల్డ్ జాన్సన్ మిషిగన్‌ల హైస్కూలు టీచరు. ఇప్పటి ఓఎంఆర్ వెలుతురుతోని చూస్తది, నల్లగ నిండిందా లేదా అంతే దానికి కావాల్సింది, పెన్నైతే మల్ల రుద్ది మార్చే వీలుండదు. గుండ్రం సగమే దిద్దినా, పక్క గుండ్రానికి గీత తాకినా మిషనుకు మన మనసుల మాట తెల్వదు, నిండుగ దిద్దుర్రి.

ప్రశ్న: సార్ నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఎప్‌సెట్‌ల తెల్వని బిట్లు వదిలెయ్యాల్నా గెస్ చెయ్యాల్నా? ముందు పెట్టిన ఆన్సరు మార్చొద్దు, ఫస్ట్ అనుకున్నదే రైటయితది అని మా లెక్చరర్ అంటరు, నిజమేనా?
– ఒక విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: బిడ్డా, ఎప్‌సెట్‌ల 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, తప్పుకు మార్కు కోయరు, కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగ వదలొద్దు. జేఈఈ మెయిన్‌ల రైటుకు 4, తప్పుకు ఒకటి కోత. అక్కడ కూడా లెక్క చేసి చూడు, అస్సలు తెల్వని నాలుగు బిట్లు కండ్లు మూసుకొని పెడ్తే సగటున ఒకటి రైటు, మూడు తప్పు, నాలుగుల నుంచి మూడు పోతే ఒక మార్కు మిగులుతది, అది సగటు మాత్రమే, నీ పేపర్ల మైనస్ కూడా కావొచ్చు. రెండు ఆప్షన్లు ఖచ్చితంగ తప్పని తేల్చినవంటే ఇగ భయపడకు, పెట్టెయ్యి.

ఫస్ట్ ఆన్సరు సంగతి, మీ లెక్చరర్ ఒక్కరే కాదు, నేను కూడా ఇరవై ఏండ్లు అదే చెప్పిన, చెప్పింది తప్పు. ఇల్లినాయి యూనివర్సిటీల వెయ్యిన్నరకు పైగ విద్యార్థుల పేపర్లల్ల చెరిపి మార్చిన గుర్తులు చూసి 2005ల లెక్క అచ్చేసిండ్రు, మార్చిన వాటిల సగం తప్పు నుంచి రైటుకు పోయినయి, రైటు నుంచి తప్పుకు పోయినయి పావు వంతే. మరి మనకు అట్ల ఎందుకు అనిపిస్తదంటే, రైటు ఉన్నదాన్ని మార్చి పోగొట్టుకున్నది కడుపుల మంట లెక్క గుర్తుంటది, మార్చి బాగు చేసుకున్నది మర్చిపోతం. కాబట్టి మల్ల చదివినప్పుడు కారణం కనిపిస్తే మార్చు. ఊకె భయం అయితున్నదని మార్చకు.

ఇంకో మాట, అడగకపోయినా చెప్త. ఎప్‌సెట్‌ల క్వాలిఫై కావాల్నంటే 25 శాతం, అంటే 40 మార్కులు, ఎస్సీ ఎస్టీ పిల్లలకు ఆ కనీసం కూడా లేదు. 160 బిట్లు చదవకుంట దిద్దుకుంట పోతే సగటున వచ్చేది కూడా 40. క్వాలిఫై అయినమని ఇంట్ల స్వీట్లు పంచే ముందు ఇది ఒకసారి గుర్తు చేసుకో, నీకు వచ్చింది ఎంత, పడ్డది ఎంత అన్నది నీకు ఒక్కనికే తెలుస్తది. మాక్ టెస్టు రాసేటప్పుడు ప్రతి జవాబు పక్కన చిన్న గుర్తు పెట్టుకో, గట్టిగ తెలిసి పెట్టింది, ఎలిమినేషన్ చేసి పెట్టింది, గుడ్డిగ పెట్టింది అని. కీ చూసినప్పుడు మొదటి రకంల ఎన్ని తప్పు పోయినయో చూడు. తెల్వనిది నేర్చుకోవచ్చు బిడ్డా, తప్పుగ తెలిసింది చాలా మొండిది, ముందు దాన్ని పట్టుకోవాలె.

ప్రశ్న: అన్నా, మా పాప నాలుగో తరగతి, గురుకులం అయిదో తరగతి ఎంట్రన్సుకు కోచింగుకు పంపిస్తున్నం. బిట్ బ్యాంకు మొత్తం వచ్చేసింది అంటున్నరు. నేను ఇంట్ల అదే ప్రశ్న ఆప్షన్లు అటుఇటు చేసి అడిగితే "సి" అంటది, సి ఏందమ్మా అంటే చెప్పలేకపోతుంది. నేను పదో తరగతే చదివిన, ఎట్ల చదివించాలె?
– ఒక తల్లి, అచ్చంపేట

జవాబు: చెల్లెమ్మా, పదో తరగతే చదివిన అన్నవు, కని నువ్వు చేసిన పని, ఆప్షన్లు అటుఇటు చేసి అడగడం, దానికన్న మంచి పరీక్ష ఏ కోచింగుల పెట్టరు. పాపకు బిట్లు రాలే, కీ వచ్చింది, అంతే. పాప తప్పు లేదు, వాళ్ళు ఏది అడిగితే అది నేర్చుకున్నది.

ఇంట్ల ఇట్ల చెయ్యి. పుస్తకంల ప్రశ్న మాత్రం కనపడేటట్టు ఆప్షన్ల మీద కాగితం ముక్క అడ్డం పెట్టు. ముందు జవాబు నోటితోని చెప్పాలె, తర్వాత కాగితం తీసి ఎక్కడుందో వెతకాలె. చెప్పిన జవాబు అండ్ల లేకుంటే ఎక్కడో తప్పు పోయినట్టు, పాపే మల్ల చేసుకుంటది. రోజుకు అయిదే చెయ్యి, చాలు. ఇంకోటి, జవాబు దిద్దినాంక "మిగిలిన మూడు ఎందుకు కావు" అని అడుగు. 52 నుంచి 27 తీసేస్తే 35 అన్న ఆప్షన్ ఉందనుకో, అది ఎట్ల వచ్చిందో పాపతోని చెప్పించు, ఏడుల నుంచి రెండు తీసేసినరు, అప్పు తెచ్చుకోలేదు అని పాప కనిపెట్టిందంటే ఆ లెక్క ఇగ జన్మల మర్చిపోదు. నీకు జవాబు తెల్వకపోయినా ఏం కాదు, అడిగే మనిషి ఎదురుగ ఉంటే చాలు.

కోచింగుల టెస్టు పెట్టిన రోజే రైటు జవాబు ఏదో చెప్పమని సార్లను అడుగు, ఇది చిన్న మాట అనుకోకు. తప్పు ఆప్షన్ చదివి దాన్నే దిద్ది, ఎవ్వరూ సరిచెయ్యకుంటే, కొన్ని రోజులకు పిల్లలు అదే నిజం అనుకుంటరు, ఎక్కడో చదివినట్టుంది అని. రోడిగర్, మార్ష్ 2005ల ఈ సంగతి పరీక్ష పెట్టి చూపెట్టిండ్రు. వెంటనే సరైంది చెప్తే ఆ నష్టం చాలావరకు పోతది, బిట్టు వల్ల లాభం మిగులుతది.

ప్రశ్న: ఎన్ఎమ్ఎమ్ఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష కోసం ఎనిమిదో తరగతి పిల్లలతోని రోజూ రెండు పీరియడ్లు బిట్లే చేపిస్తున్నం, పాఠాలు వెనకబడ్డయి. ఏం చెయ్యమంటరు?
– ఒక ఉపాధ్యాయుడు, కొల్లాపూర్

జవాబు: ఆ స్కాలర్‌షిప్ మన పిల్లలకు చాలా అవసరం సార్, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు అంటే కూలికి పోయే ఇంట్ల పిల్ల చదువు ఆగకుంట నిలబెడ్తది, కాబట్టి మీ తాపత్రయం నాకు అర్థమైంది. 90 బిట్లు మానసిక సామర్థ్యం, 90 బిట్లు పాఠాల మీద. ఆ రెండో 90 ఏడు, ఎనిమిది తరగతుల పాఠాల నుంచే వస్తయి, పాఠం ఎగ్గొట్టి బిట్లు చేపిస్తే మనమే కాలు నరుక్కున్నట్టు. ఒక పీరియడ్ పాఠానికే ఇచ్చెయ్యుర్రి, పాఠం అయినాంక నలుగురు నలుగురిని కూసోబెట్టి ఒక్కో గుంపు రెండు బిట్లు తయారు చెయ్యాలె అనండి, ఇంకో గుంపు వాటిని చెయ్యాలె. తప్పు ఆప్షన్ పెట్టడానికి పిల్లలు పాఠం ఎన్నిసార్లు తిరగేస్తరో చూడుర్రి.

ప్రశ్న: నేను తెలుగు పండితుణ్ణి. అన్ని పోటీ పరీక్షలూ బిట్లే కాబట్టి తెలుగుల కూడా పూర్తిగ బిట్లు పెట్టాలని మా తోటి ఉపాధ్యాయులు అంటున్నరు. వ్యాసం దిద్దితే ఒక్కొక్కరు ఒక్కో మార్కు వేస్తరు, బిట్లల్ల అన్యాయం ఉండదు అని వాళ్ళ వాదన. మీరేమంటరు?
– ఒక భాషోపాధ్యాయుడు, సూర్యాపేట

జవాబు: పండితులవారికి నమస్కారం. వాళ్ళ వాదనను తీసి పారెయ్యలేం, అసలు బిట్లు పుట్టిందే అందుకు. 1913ల అమెరికాల స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే ఒక రేఖాగణితం పేపరును వందకు పైగ టీచర్లకు పంపి దిద్దమన్నరు, ఒకరు 28 వేసిండ్రు, ఇంకొకరు 90 దాటించిండ్రు, అదీ లెక్కల పేపరు! ఆ రోజులల్లనే కాన్సాస్‌ల ఫ్రెడరిక్ కెల్లీ, దిద్దే మనిషిని బట్టి మార్కు మారొద్దని, జవాబులు ముందే ఇచ్చి గుర్తు పెట్టించే చదువు పరీక్ష 1915ల తెచ్చిండు. రెండేండ్లకు అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంల దిగింది, అమెరికా సైన్యం లక్షల మంది సిపాయిలకు ఇసొంటి పరీక్షే పెట్టింది, ఇగ అక్కడి నుంచి ప్రపంచమంత పాకింది. మన పదో తరగతిల ఆఖరి అరగంటల బిట్ పేపర్ ఇచ్చేటోళ్ళు, గుర్తుందా మీకు, దానికోసమే గోడ దూకి వచ్చి కిటికీల కాడ నిలబడి జవాబులు అరిచేటోళ్ళు. దిద్దేటప్పుడు అన్యాయం లేకుంట చేసినం, రాసేటప్పుడు వచ్చే అన్యాయం పెరిగింది, ఎందుకంటే "బి" అని అందియ్యడం సులువు, వ్యాసం అందియ్యడం సులువు కాదు.

తెలుగుల బిట్లు పనికొచ్చే చోటు ఉంది. సంధి తీసుకుందాం. సూర్యోదయం ఏ సంధి అంటే గుణసంధి అని బట్టీ వచ్చేస్తది. విడదీయమని ఇచ్చి ఆప్షన్లల్ల "సూర్యో + దయం" పెట్టి చూడుర్రి, సంధి పేరు రైటు చెప్పిన పిల్లలే కొందరు అక్కడ దిద్దుతరు, రెండు మాటలకు విడివిడిగ అర్థం ఉండాలన్న సంగతే వాళ్ళకు పట్టలే. పాఠంల లేని కొత్త మాట ఇయ్యుర్రి, కొత్త పేరా ఇచ్చి దాని మీద అడగండి, ఇవన్నీ బిట్లల్ల మంచిగ తెలుస్తయి. పద్యం భావం కూడా కొంతవరకు. కని తన ఊరి గురించి పది వాక్యాలు ఒకదాని వెనక ఒకటి అల్లడం, ఎక్కడ మొదలుపెట్టాల్నో ఎక్కడ ఆపాల్నో తెల్వడం, ఇది నాలుగు గుండ్రాలల్ల పట్టదు సారు, రాయించాల్సిందే. గుర్తుపట్టడం వేరు, పుట్టించడం వేరు. నాకు తెలిసిన డిగ్రీ పిల్లలు టెట్‌ల 150 బిట్లు సునాయాసంగ చేస్తరు, లీవ్ లెటర్ రాయమంటే చేతులు వణుకుతయి, అది చూసినప్పుడల్లా బాధైతది, వాళ్ళకు పదేండ్లు మనం రాసే అవకాశమే ఇయ్యలే.

మార్కులల్ల తేడా సంగతికి మందు ఉంది. వ్యాసం దిద్దే ముందే దేనికెన్ని మార్కులో రాసి పెట్టుకోండి, విషయానికి ఇన్ని, వరుసకు ఇన్ని, భాషకు ఇన్ని అని, పిల్లలకు కూడా ముందే చెప్పుర్రి. పేరు కనపడకుంట పేపరు మడిచి, పక్క బడి టీచర్‌తోని ఒక పది పేపర్లు మార్చుకొని దిద్దండి, తేడా ఎంత వస్తుందో చూస్కొని ఇద్దరూ కూసొని మాట్లాడుకోండి. తేడా మొత్తం పోదు, చాలా తగ్గుతది.

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లాల కర్ణాటక బార్డర్ ఊరు. అయిదు తరగతులకు ఇద్దరం టీచర్లం. సగం మంది పిల్లలు ఇంట్ల కన్నడ మాట్లాడ్తరు, కొందరు తల్లిదండ్రులతోని వలస పోయి మధ్యల వస్తరు. బిట్ పేపర్లు జిరాక్సు తీసే పైసలు లేవు, తీసినా సగం మంది చదవలేరు. ఇసొంటి చోట బిట్లు ఎట్ల వాడాలె?
– ఒక టీచర్, మక్తల్ దగ్గర

జవాబు: టీచరమ్మా, కాగితమే అక్కర్లేదు. ప్రశ్న నోటితోని అడుగు, జవాబులు బోర్డు మీద అంకెలో బొమ్మో వేసి 1, 2, 3 అని రాయి. పిల్లలు ఒక నిమిషం ఎవ్వరితోని మాట్లాడకుంట సోంచాయించాలె, నువ్వు చప్పట్లు కొట్టంగనే అందరూ ఒక్కసారే వేళ్ళు చూపెట్టాలె, చెయ్యి పైకి ఎత్తొద్దు, ఛాతీకి ఆనించి పట్టుకోవాలె, అప్పుడు పక్కోడు చూసి మార్చే వీలుండదు. నీకు ఒక్క చూపుల క్లాసు మొత్తం కనపడ్తది. అందరూ రైటైతే ముందుకు పో. చాలా కొద్దిమందే రైటైతే మల్ల చెప్పాలె, మాట్లాడించి లాభం లేదు. సగం అటు సగం ఇటు ఉన్నదనుకో, అదే మంచి సమయం, జవాబు చెప్పకు, వేరే వేలు చూపెట్టినోళ్ళ పక్కన కూసోబెట్టి "నువ్వు ఎందుకట్ల అన్నవో వానికి చెప్పు" అని రెండు నిమిషాలు వదిలెయ్యి, కన్నడల చెప్పుకోనియ్యి, తెలుగుల చెప్పుకోనియ్యి. తర్వాత మల్ల వేళ్ళు అడుగు. హార్వర్డ్ యూనివర్సిటీల ఎరిక్ మజూర్ అనే ఫిజిక్సు సారు 1991 నుంచి పెద్ద పిల్లలతోని ఇదే పద్ధతి చేసిండు, మన రెండో తరగతిల చింతగింజలు లెక్కపెట్టేటోళ్ళతోని కూడా పని చేస్తది, నేను చూసిన.

నీ ఉత్తరంల నాకు ఎక్కువ పట్టింది వేరే మాట, సగం మంది చదవలేరు అన్నవు చూడు, అది. "సంతలో లక్ష్మి డజను అరటిపండ్లు కొని అందులో మూడో వంతు చెల్లెలికి ఇచ్చిన, ఆమె వద్ద మిగిలినవి ఎన్ని" అని పేపర్ల ఇస్తే, కన్నడ మాట్లాడే పిల్ల తప్పు దిద్దితే ఏం తెలిసినట్టు? లెక్క రాలేదా, "మూడో వంతు" అన్న మాట తెల్వదా, ఆ వాక్యం చివరిదాకా పోయేసరికి మొదలు మర్చిపోయిందా? మార్కుల రిజిస్టర్ల మాత్రం లెక్కలల్ల వెనకబడ్డది అని ఎక్కుతది, వలస పోయొచ్చిన పిల్లకు అది ఇంకా పెద్ద దెబ్బ. అందుకని తప్పు చేసిన పిల్లలను మాత్రం పక్కకు పిలిచి, అదే లెక్క పన్నెండు గింజలు ముందట పోసి అడుగు. గింజలతోని చేసిందంటే ఆ పిల్లకు లెక్క వచ్చు, రావాల్సింది మాట. అప్పుడు రిజిస్టర్ల ఆ పేరు పక్కన "భాష" అని చిన్నగ రాసుకో, లెక్కల మార్కు పూర్తిగ వెయ్యి. "మూడో వంతు"ను కన్నడల ఏమంటరో ఆ పిల్లనే అడుగు, రెండూ పక్కపక్కన బోర్డు మీద రాసిపెట్టు, వారం దాకా చెరపకు.